ఇరవై అంకెల సంఖ్య, ఏడు ప్రధాన కారణాంకాలు: కోవూరు పిల్లలతో ఐదు ఆదివారాలు

మాది నెల్లూరు జిల్లా కోవూరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారం పొద్దున మా ఇంటి వరండాలో ఏడెనిమిది మంది పిల్లలు కూర్చుంటారు. అది ట్యూషన్ కాదు, ఫీజు లేదు. సిలబస్‌లో లేని లెక్కలు చేయాలని ఉన్నవాళ్లు వస్తారు. కిందటేడు వరి కోతలప్పుడు మొదలై ఐదు ఆదివారాలు నడిచిన ఒక లెక్కను ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. తోటి లెక్కల టీచర్లు తమ పిల్లలతో చేయించుకోవడానికి వీలుగా, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, నేను ఎక్కడ పొరబడ్డానో కూడా చెబుతాను.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆ రోజు ఒక ప్రింటు కాగితం తెచ్చింది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఒకే సంఖ్య ఉంది: 18446744073709500000. "సార్, దీనికి ప్రధాన కారణాంకాలు కడతన్నాను. సగం దాకా వచ్చినాయి, ఆపైన పోవడం లేదు" అంది. నోటుబుక్కు చూశాను. పని శుభ్రంగా ఉంది. చివరి ఐదు సున్నాలకి ఐదు 2లు, ఐదు 5లు తీసింది. మిగిలిన 184467440737095 చివర 5 ఉంది కాబట్టి ఇంకో 5 తీసింది. అంకెల మొత్తం 69 కాబట్టి ఒక 3 తీసింది. చేతిలో 12297829382473 మిగిలింది. 7, 11, 13 వేసి చూసింది, ఏదీ పోలేదు.

భాగహారాలన్నీ నేను మళ్లీ చేసి చూశాను. ఒక్క తప్పు కూడా లేదు. అందుకే "బాగా చేశావు, 17 చూడు, 19 చూడు" అని ముందుకు తోశాను. అలా అరగంట పోయింది. అసలు మొదట్లోనే అడగాల్సిన మాట అప్పటికి నా నోటికి వచ్చింది: "ఈ సంఖ్య నీకు ఎక్కడిదమ్మా?"

"మా తాత చెప్పిన పద్యంలోది సార్. చదరంగం గళ్లలో గింజలు."

బుచ్చిరెడ్డిపాళెంలో ఉండే ఆ తాతకి పావులూరి మల్లన పద్యం నోటికి వచ్చు. మల్లన కమ్మనాటి పావులూరివాడు, తెలుగులో గణితం రాసిన తొలి కవి. చదరంగం బల్లకి 64 గళ్లు. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంత అవుతుందో ఆయన ఒక్క పద్యంలో చెప్పాడు. అంకెలకి బదులు మాటలు వాడాడు. శర అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి ఒకటి. షట్క ఆరు. చంద్ర ఒకటి. మళ్లీ శర ఐదు, సాయక ఐదు, రంధ్ర తొమ్మిది, వియత్ అంటే ఆకాశం కాబట్టి సున్నా, నగ ఏడు, అగ్ని మూడు, భూధర ఏడు, గగన సున్నా, అబ్ధి నాలుగు, వేద నాలుగు, గిరి ఏడు, తర్క ఆరు, పయోనిధి నాలుగు, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు నాలుగు, కుంజర ఎనిమిది, చివర తుహినాంశు, చంద్రుడే, ఒకటి. ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి పోవాలి. అలా రాస్తే వచ్చేది ఇది:

18446744073709551615

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్ల పైమాటే.

ఆ అమ్మాయి తాత దగ్గర సరిగ్గానే రాసుకుంది. వాళ్ల అన్న దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయిద్దామని నెట్ సెంటర్‌లో స్ప్రెడ్‌షీట్‌లో కొట్టించాడు. స్ప్రెడ్‌షీట్ ఒక సంఖ్యలో మొదటి పదిహేను అంకెలే ఉంచుకుంటుంది, మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది. 51615 పోయి 00000 వచ్చింది. ఎక్కడా ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు. వేరే సంఖ్యకి ఆ పిల్ల రెండు రోజులు కారణాంకాలు కట్టింది.

ఇందులో నా పొరపాటు ఉంది. లెక్కలోని మెట్లన్నీ చూశాను కానీ లెక్క పుట్టిన చోటు అడగలేదు. అడిగి ఉంటే ఒక్క చూపులో తెలిసేది. 1+2 అంటే 3, అది 4కి ఒకటి తక్కువ. 1+2+4 అంటే 7, అది 8కి ఒకటి తక్కువ. ఎన్ని గళ్లు పోయినా మొత్తం ఎప్పుడూ తరువాతి గడికి ఒకటి తక్కువే. 64 గళ్లకి 2⁶⁴ − 1. సరి సంఖ్యలోంచి ఒకటి తీస్తే బేసి వస్తుంది. అందులో 2 కారణాంకంగా ఎలా ఉంటుంది? ఇంకా చెప్పాలంటే 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. 64ని నాలుగు భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ చివర 6, ఒకటి తీస్తే 5. పావులూరివారి 'శర' అదే. సున్నాతో ముగిసే ప్రింటు కాగితం తప్పని చెప్పడానికి ఇది చాలు.

అసలు లెక్కలోకి పోయేముందు పిల్లలు గింజల్ని కొలవాలని పట్టుబట్టారు. కోవూరు పిల్లలు, చుట్టూ వడ్ల రాశులు, కాదనలేకపోయాను. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు అనుకున్నాం. కిలోకి 50 వేల గింజలు. మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు, అంటే నాలుగుంపావు కోట్ల గింజలు. 25 గళ్ల దాకా మొత్తం కలిపినా పుట్టి నిండదు. 26వ గడితో పుట్టిన్నర దాటిపోతుంది. బల్లంతా నిండేసరికి సుమారు 43,404 కోట్ల పుట్లు. ఒకడు లేచి "సార్, ఇన్ని వడ్లు ఏ మిల్లు ఆడిస్తాది?" అన్నాడు. ఆ వారం అక్కడికి ఆపాం.

రెండో ఆదివారం కారణాంకాలు మొదలుపెట్టాం. ఇంత పెద్ద సంఖ్యని 3తో, 7తో, 11తో వరసగా భాగించుకుంటూ పోవడం ఈ లెక్కకి సరైన దారి కాదని నా అభిప్రాయం. ఈ సంఖ్య ఎలా తయారైందో మనకి తెలుసు. తయారైన దారిలోనే విప్పాలి. ఎనిమిదో తరగతిలో వచ్చే a² − b² = (a + b)(a − b) సర్వసమీకరణం చాలు.

2⁶⁴ అంటే 2³² వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1). రెండో ముక్కని మళ్లీ విప్పవచ్చు: (2¹⁶ + 1)(2¹⁶ − 1). మళ్లీ, మళ్లీ. ఆరుసార్లు విప్పితే చివర 2 − 1, అంటే 1 మిగులుతుంది. బయటికి వచ్చినవి ఆరు ముక్కలు: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఒక్క భాగహారం లేకుండా ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది. వరండాలో కాసేపు మాట లేదు. తప్పు సంఖ్యతో రెండు రోజులు కుస్తీ పట్టిన ఆ అమ్మాయి బోర్డు మీదున్న ఆరు ముక్కల్నీ వేలితో ఒక్కొక్కటీ తాకి చూసుకుంది.

3, 5, 17 ప్రధాన సంఖ్యలని అందరికీ తెలుసు. 257ని 13 దాకా భాగించి చూస్తే చాలు, అదీ ప్రధానమే. 65537 సంగతి తరువాత చూద్దామన్నాను. పెద్దవాడొకడు "వరసగా అన్నీ ప్రధానాలే వస్తన్నాయి సార్, చివరిదీ ప్రధానమే అయ్యుంటాది" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు సరిగ్గా ఈ ఊహే చేశాడు. ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని ఆయన నమ్మాడు. వీటిని ఇప్పటికీ ఫెర్మా సంఖ్యలనే అంటారు. పిల్లలు ఆ ఊహని ఒక వారం మోయాలని, తామే పరీక్షించాలని నాకు అనిపించింది. "నిజమో కాదో తేల్చుకుని రండి" అని పంపాను.

మూడో వారానికి వచ్చినప్పుడు ముఖాలు వాడిపోయి ఉన్నాయి. ఒక అబ్బాయి 4294967297ని 97 దాకా ఉన్న ప్రధానాలన్నిటితో భాగించాడు. ఆరు పేజీలు. ఏదీ పోలేదు. "టెన్షన్ వచ్చేసింది సార్, ఎక్కడ ఆపాలో తెలీలేదు" అన్నాడు. నిజమే. ఈ సంఖ్య వర్గమూలం 65,536 పైన ఉంటుంది. అంతవరకూ ప్రధానాలన్నీ వేస్తే వాడి సెలవులన్నీ చాలవు. ఏ ప్రధానాలకి అసలు అవకాశం ఉందో ముందే వడకట్టాలి.

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. పట్టాల్సింది కూడా ఇక్కడే.

నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీశాం. 17తో మొదలుపెట్టాం. 1ని రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ 17తో భాగించి శేషం మాత్రమే రాయాలి: 1, 2, 4, 8, 16, 15, 13, 9, మళ్లీ 1. ఎనిమిది అడుగులకి చుట్టు తిరిగి వచ్చింది. సరిగ్గా సగంలో, నాలుగో అడుగులో 16 ఉంది, అంటే 17కి ఒకటి తక్కువ. దాన్ని −1 అని పిలుచుకున్నాం. తరువాత 7కి చేశారు, మూడు అడుగుల చుట్టు. 13కి పన్నెండు. 31కి ఐదు. పక్కన ఇంకో వరస రాయించాను: 17 − 1 = 16, 7 − 1 = 6, 13 − 1 = 12, 31 − 1 = 30. చుట్టు పొడవు ప్రతిసారీ ఈ సంఖ్యని భాగిస్తోంది. 8 పదహారుని, 3 ఆరుని, 12 పన్నెండుని, 5 ముప్పైని. ఇది ఫెర్మా ఇంకో సిద్ధాంతం నుంచి వస్తుంది. నిరూపణ పై తరగతులదని చెప్పి, ఉదాహరణలతో ఒప్పుకుని ముందుకి పోయాం.

ఇప్పుడు p అనే ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. అంటే p గుండ్రంలో 32వ అడుగున −1 ఉంటుంది. 64వ అడుగున −1 వర్గం, అంటే 1. అంతకన్నా ముందే చుట్టు ముగిసి ఉండవచ్చా? ముగిసి ఉంటే ఆ పొడవు 64ని భాగించాలి, అంటే 32, 16, 8 లాంటిదేదో అయ్యుండాలి. అవన్నీ 32ని కూడా భాగిస్తాయి. అప్పుడు 32వ అడుగున 1 ఉండాలి. కానీ అక్కడ −1 ఉంది. కాబట్టి చుట్టు పొడవు కచ్చితంగా 64. అది p − 1ని భాగించాలి. అంటే p ఎప్పుడూ 64కి ఏదో ఒక గుణిజం కన్నా ఒకటి ఎక్కువ.

ఈ వాదన ముగ్గురికి ఆ రోజే పట్టింది. మిగతావాళ్లకి నాలుగో ఆదివారం మళ్లీ 17 గుండ్రంతో చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ తొందరపడొద్దని తోటి టీచర్లకి గట్టిగా చెబుతాను. సూత్రం బోర్డు మీద రాసి లెక్క చేయిస్తే జవాబు వస్తుంది, కానీ ఆ పిల్లలకి వచ్చేది మన జవాబే.

నాలుగో ఆదివారం జల్లెడ పట్టాం. 64కి ఒక్కో గుణిజం తీసుకుని ఒకటి కలిపితే 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 వస్తాయి. వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641 మాత్రమే. మామూలు దారిలో 641 దాకా రావాలంటే 2ని వదిలేసినా 115 భాగహారాలు. ఈ దారిలో ఐదు.

ఆ ఐదింటికి కూడా పదంకెల భాగహారం అవసరం లేదు. 2¹⁶ = 65536ని భాగించి శేషం తీసుకుని, దాన్ని వర్గం చేస్తే 2³² శేషం వస్తుంది, దానికి ఒకటి కలిపి మళ్లీ భాగించాలి. 193తో చేస్తే చివరికి శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. ఒక్కటీ సున్నా కాలేదు. 641 ఆ అమ్మాయి వంతు వచ్చింది. 65536లో 641 నూట రెండుసార్లు పోతే శేషం 154. 154 వర్గం 23716. ఒకటి కలిపితే 23717. పక్కన గుణించి చూసింది: 641 × 37 = 23717. శేషం సున్నా.

ఆ సున్నా కింద రెండు గీతలు గీసి నా వైపు చూసింది. నేను మళ్లీ చేయమన్నాను. మళ్లీ సున్నా.

4294967297 = 641 × 6700417. ఫెర్మా ఊహ తప్పని 1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఈ 641తోనే తేల్చాడు. భాజకాలు 64కి గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండాలన్న నియమం కూడా ఆయనదే. 641 ఎందుకు భాగిస్తుందో రెండు వాక్యాల్లో చెప్పే ఉపాయం కూడా ఒకటుంది, నాకు చాలా ఇష్టం. 641 = 5 × 2⁷ + 1, ఇంకా 641 = 5⁴ + 2⁴. మొదటిదాని ప్రకారం 5 × 2⁷ శేషం −1, నాలుగో ఘాతం తీస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1 శేషం సున్నా. పిల్లలు దీన్ని నోటుబుక్కుల్లో రాసుకున్నారు. కానీ ముందు తామే వెతికి పట్టుకున్నారు కాబట్టే ఇది వాళ్లకి అందంగా కనిపించింది. వరస మార్చి చెబితే గారడీలా ఉండేది.

ఐదో ఆదివారం మిగిలిన పని, 6700417 ప్రధానమా కాదా. చాలామంది ఇక్కడ వదిలేస్తారు. వదిలేస్తే కారణాంకాలు పూర్తయినట్టు కాదు. దీన్ని భాగించే ప్రధానం 2³² + 1ని కూడా భాగించాలి కాబట్టి అదే జల్లెడ పనిచేస్తుంది. వర్గమూలం 2588 చిల్లర. అంతవరకూ 64 జల్లెడలో నిలిచే ప్రధానాలు పదకొండు. 193, 257, 449, 577 అప్పటికే పోయాయి. మిగిలినవి ఏడు. ఏడుగురు పిల్లలకి తలా ఒకటి ఇచ్చాను. 641తో శేషం 44, 769తో 120, 1153తో 334, 1217తో 832, 1409తో 622, 1601తో 232, 2113తో 94. సున్నా ఎక్కడా లేదు. కాబట్టి 6700417 ప్రధానమే.

65537 ఇంకా తేలిక. అది 2¹⁶ + 1 కాబట్టి దానికి జల్లెడ 32ది. 256 లోపల నిలిచేవి 97, 193 రెండే. శేషాలు 62, 110. మామూలుగా అయితే 54 ప్రధానాలతో భాగించాల్సిన పని రెండు భాగహారాలతో అయిపోయింది.

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి ఈ సంఖ్యకి భాజకాలు 2ని ఏడుసార్లు గుణించినన్ని, 128. ఏదీ రెండుసార్లు రాకపోవడం కాకతాళీయం కాదు. మన ఆరు ముక్కల్లో ప్రతిదీ తనకన్నా చిన్నవాటి లబ్ధానికి రెండు ఎక్కువ: 3 × 5 + 2 = 17, 3 × 5 × 17 + 2 = 257. రెండు ముక్కలకి ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ని కూడా భాగించాలి, కానీ అన్నీ బేసి సంఖ్యలే. ఫెర్మా సంఖ్యలకి అంతు లేదు, ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు. ప్రధాన సంఖ్యలు అనంతమనడానికి ఇదే ఒక నిరూపణ. ఆయిలర్‌కి రాసిన ఉత్తరంలో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ దీన్ని చెప్పాడు.

పిల్లల్లో ఒకరు అడిగిన ప్రశ్నతో ఇంకో తలుపు తెరుచుకుంది: "దీని పక్క సంఖ్యలు ఎట్టుంటాయి సార్?" ఒకటి కలిపితే 18446744073709551616, అందులో అరవై నాలుగు 2లు తప్ప ఇంకేమీ లేవు. ఇంకోటి కలిపితే 18446744073709551617, అది మన ఆరు ముక్కల తరువాత వచ్చే ఫెర్మా సంఖ్య. దానికి విప్పే సర్వసమీకరణం లేదు. అది 274177 × 67280421310721. 1880లో లాండ్రి అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీన్ని ప్రకటించేటప్పటికి ఆయన వయసు 82. ఒకదాని పక్కన ఒకటున్న మూడు సంఖ్యల్లో ఒకటి ఏడుగా విడిపోతుంది, ఒకటి మొత్తం రెళ్లే, ఒకటి రెండే ముక్కలు. ఇద్దరు పిల్లలు ఈ మూడోదానికి జల్లెడ మొదలుపెట్టారు. దాని భాజకాలు 128 గుణిజాల కన్నా ఒకటి ఎక్కువ ఉండాలని వాళ్లే రాసుకున్నారు. 274177 అలాంటిదే, 128 × 2142 + 1. అంతదూరం చేత్తో పోవడం కష్టమని చెప్పాను. అయినా ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తాత మనవరాల్ని తీసుకెళ్లడానికి వచ్చారు. అప్పటికి బోర్డు మీద తిరుగు గుణకారం నడుస్తోంది. 3 × 5 = 15, × 17 = 255, × 257 = 65535, × 65537 = 4294967295. ఇక మిగిలింది దాన్ని 641తో, వచ్చినదాన్ని 6700417తో గుణించడం. పిల్లలు అడ్డవరసలు జాగ్రత్తగా పేర్చి కలుపుతున్నారు. కలపడం అయ్యాక ఆ అమ్మాయి "తాతా, నువ్వు పద్యం చెప్పు, నేను సరిచూస్తా" అంది.

ఆయన అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. శర అన్నారు, ఆ పిల్ల చివరి 5 కింద టిక్కు పెట్టింది. శశి, 1. షట్క, 6. చంద్ర, 1. ఆయన ఒక్కో మాటా ఆపి చెబుతుంటే సుద్దముక్క కుడి నుంచి ఎడమకి జరుగుతూ వెళ్లింది. రంధ్ర దగ్గర ఒకసారి ఆగి 9ని మళ్లీ చూసుకుంది, సరిగ్గానే ఉంది. కుంజర, 8. తుహినాంశు అనేసరికి బోర్డు మీద ఒక్క అంకే మిగిలింది. అది 1.